‘మా ఈస్ట్‌లో ఇలా కాదు’: పాతకాలపు డ్రమ్ కోర్ కలర్ గార్డు మీద ఒక కేస్ స్టడీ

పెనం మీద జొన్న పేలాలు వేగుతున్నట్టు టప టపా ఆరు చప్పుళ్ళు వినిపించాయి. వినిపించాల్సింది ఒక్కటే. ఆరుగురు గాల్లోకి ఎగరేసిన ఆరు రైఫిళ్ళు ఒకే క్షణంలో చేతుల్లో పడాలి. ఈ కేసు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను గమనించిన మొదటి లక్షణం అదే.

నేను అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో హైస్కూలు మార్చింగ్ బ్యాండ్లకీ, వారాంతాల్లో పెద్దవాళ్ళ డ్రమ్ కోర్లకీ కలర్ గార్డు, అంటే సంగీతానికి జెండాలూ కాల్చని రైఫిళ్ళూ తిప్పే బృందపు పని, నేర్పుతుంటాను. ఈ పనిలోకి మా అమ్మాయి వెనకాలే వచ్చాను. తను స్కూల్లో గార్డులో చేరింది. నేను జెండాలు కుట్టడానికి పేరెంట్స్ బృందంలో చేరి, కొన్నాళ్ళకి కుట్టుమిషను వదిలేసి గ్రౌండులోకి దిగాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సిసిలో ‘కంధే శస్త్ర్’ అనగానే .303 రైఫిల్‌ని భుజానికెత్తిన అనుభవం ఎప్పటికైనా అక్కరకొస్తుందని అనుకోలేదు. ఈ కేసులో అక్కరకొచ్చింది.

కోర్ పేరు, ఊరు, మనుషుల పేర్లు రాయడం లేదు. రైఫిళ్ళ మీద అతికించిన టేపు నంబర్లతోనే మనుషుల్ని పిలుస్తాను. వయసులు, మరో రెండు మూడు వివరాలు మార్చాను.

నేపథ్యం

డ్రమ్ కోర్ అంటే ఇత్తడి బాకాలు (ఆ రోజుల్లో బ్యూగిళ్ళు), డ్రమ్ములు, వాటితోపాటు జెండాలూ రైఫిళ్ళూ సేబర్లూ (వంపు కత్తులు) పట్టుకునే కలర్ గార్డు. క్లారినెట్లు, ఫ్లూట్లు ఉండవు. అమెరికన్ లీజియన్, విఎఫ్‌డబ్ల్యు లాంటి మాజీ సైనికుల సంఘాలు, కాథలిక్ చర్చి పారిష్‌లు పెంచి పోషించిన సంప్రదాయం ఇది. అందుకే గార్డు అసలు పని ఆట కాదు, కాపలా. జాతీయ జెండాకి అటూ ఇటూ ఆయుధాలతో నిలబడాలి. షోలో ‘కలర్ ప్రెజెంటేషన్’ అనే ఘట్టం ఉండేది. జెండాకి కోరంతా వందనం చేసేది, రైఫిళ్ళు ‘ప్రెజెంట్ ఆర్మ్స్’లో నిలిచేవి. మన సలామీ శస్త్ర్ అన్నమాట. ఆ నిబంధన తర్వాత పోయింది గానీ, 1970ల గార్డు ఒంట్లో ఆ కాపలా బిగువు ఉండేది.

డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అంటే డిసిఐ, తన మొదటి చాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిపింది. గెలిచింది కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనాహైమ్ కింగ్స్‌మెన్. అంతకు ముందు చాలా కోర్లకి వేసవి అంటే చుట్టుపక్కల ఊళ్ళ వారాంతపు పోటీలే. మసాచుసెట్స్ పిల్లలు వరల్డ్ ఓపెన్ చూసేవాళ్ళు, న్యూజెర్సీ పిల్లలు జెర్సీ సిటీలో డ్రీమ్ కాంటెస్ట్ చూసేవాళ్ళు, ఒహాయో చుట్టుపక్కల వాళ్ళు మేరియన్‌లో యుఎస్ ఓపెన్‌కి వెళ్ళేవాళ్ళు. ఎవరి పక్కింటి వాళ్ళని చూసి వాళ్ళు నేర్చుకునే రోజులు. ఫైనల్స్ 1975లో పబ్లిక్ టెలివిజన్‌లో వచ్చాక ఆ గోడలు కరగడం మొదలైంది.

ఇంకొకటి చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు. ఆ రోజుల్లో మార్కులు తీసేసే పద్ధతి ఉండేది, దాన్ని ‘టిక్కు’ అనేవాళ్ళు. జడ్జీలు క్లిప్‌బోర్డు పట్టుకుని మైదానంలోకే వచ్చి వరసల మధ్య తిరుగుతూ, తప్పు కనిపించిన ప్రతిసారీ ఒక గీత గీసేవాళ్ళు. గీతకి 0.1 మార్కు పోతుంది. రైఫిల్ కింద పడితే గీత, కోణం తప్పితే గీత. ఆ పద్ధతిని డిసిఐ 1984 సీజనుకి తీసేసింది. పక్కనే నిలబడి గీతలు గీసే మనిషి ఉన్నప్పుడు గార్డు ఎలా కదులుతుందో, స్టాండ్స్ పైనుంచి మొత్తం చూసి మార్కులు వేసే మనిషి ఉన్నప్పుడు ఎలా కదులుతుందో ఊహించుకోండి. రెండూ ఒకలా ఉండవు.

వచ్చిన సమస్య

ఈశాన్యంలో ఒక పాత కోర్ తాలూకు పూర్వ సభ్యులు, వాళ్ళతో ఇతర కోర్ల నుంచి వచ్చి కలిసినవాళ్ళు, వేసవిలో ఒక ప్రదర్శన ఇవ్వాలనుకున్నారు. పోటీ కాదు, మార్కుల్లేవు. 1970ల మధ్యలో పోటీకి దిగిన గార్డు ఎలా ఉండేదో అలా చూపించాలి, అంతే. గార్డులో 14 మంది: ఆరు రైఫిళ్ళు, ఆరు జెండాలు, రెండు సేబర్లు. వయసులు 54 నుంచి 69. నెలకో ఆదివారం చొప్పున నవంబరు నుంచి జూన్ దాకా ఎనిమిది ప్రాక్టీసులు.

రైఫిళ్ళలో 1, 2 నంబర్లు మసాచుసెట్స్‌లో నేర్చుకున్నారు. 3, 4 ఇల్లినాయ్, విస్కాన్సిన్ వైపు. 5 కాలిఫోర్నియా. 6 న్యూజెర్సీ, అందరికంటే చిన్నావిడ, 1980ల మధ్యలో మొదలుపెట్టింది.

రైఫిల్ ఘట్టం 32 కౌంట్లు, అంటే 32 తాళం దెబ్బలు. అందులో 21వ కౌంటుకి ‘డబుల్’ వదలాలి, అంటే రైఫిల్ గాల్లో రెండు చుట్లు తిరగాలి. 23కి పట్టుకోవాలి. పేలాలు వేగింది అక్కడే. మూడో ప్రాక్టీసుకి ఆరుసార్లు చేస్తే నాలుగుసార్లు ఎవరో ఒకరు కింద పడేశారు, ప్రతిసారీ ఒకే మనిషి కాదు. పడ్డాక మాటలు మొదలు. ‘మా ఈస్ట్‌లో ఇలా కాదు, రైఫిల్ ఆగితే ఆగినట్టుండాలి.’ ‘మిడ్‌వెస్ట్‌లో ఇంత కంగారు పడేవాళ్ళం కాదు.’ ‘మీరిద్దరూ బాగా బిగుసుకుపోతున్నారు, కాలిఫోర్నియాలో...’ అంటూ ఐదో నంబరు. కోర్ డైరెక్టర్ నాకు అప్పజెప్పిన పని కూడా ఆ భాషలోనే ఉంది: ‘ఈస్ట్ స్టైల్‌కి తెచ్చిపెట్టండి.’

మొదటి ప్రయత్నం: ఒకరిని చూసి అందరూ

సరే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే తొందరపడ్డాననిపిస్తుంది గానీ, అప్పటి లెక్క పూర్తిగా తప్పేం కాదు. ప్రేక్షకులు ఈశాన్యం వాళ్ళే, డైరెక్టర్ కోరిక స్పష్టం, ఎనిమిది ఆదివారాల్లో 14 మందికి ఒకే నమూనా ఉంటే పని తేలిక. హైస్కూలు పిల్లలతో రోజూ చేసేది ఇదే. ఒకరిని ముందు నిలబెట్టి, ‘ఈ చెయ్యిలా, ఈ మోచెయ్యిలా’ అంటే పిల్లలు అద్దంలా పట్టేస్తారు.

ఒకటో నంబరుని ముందు నిలబెట్టాను. ఆమెది చూడముచ్చటైన క్యాచ్. రైఫిల్ చేతిలో పడగానే ప్రాణం పోయినట్టు ఆగిపోతుంది. మిగతా ఐదుగురినీ ఆ క్యాచ్‌కి తేవాలని రెండు ఆదివారాలు కూర్చున్నాను. నాలుగో నంబరు మణికట్టు పట్టేసింది. ఐదో నంబరు నేను చూస్తున్నప్పుడు ఒకలా, చూడనప్పుడు తన పద్ధతిలో. జెండాల్లోంచి ఒకావిడ మానేసింది. ఆమె పట్టేది రైఫిల్ కాకపోయినా, ‘మా ఊరి పద్ధతి తక్కువన్నట్టు మాట్లాడుతున్నారు’ అని నొచ్చుకుంది. ఆ మాట నేను అనలేదు. కానీ ఒకరిని ముందు నిలబెట్టడమంటే ఆ మాట అన్నట్టే అని నాకు తట్టలేదు.

నాలుగో నంబరు మంచినీళ్ళ కూలర్ దగ్గర అన్న మాట ఇప్పటికీ గుర్తు. ‘నా చెయ్యి ఇది నేర్చుకుని దాదాపు యాభై ఏళ్ళు. నా బుర్ర మర్చిపొమ్మంటే మర్చిపోతుంది. చెయ్యి వినదు.’

పదిహేనేళ్ళ పిల్లల చేతులు ఖాళీ పలకలు. వీళ్ళ పలకల మీద అక్షరాలు ముందే ఉన్నాయి, అదీ చెక్కిన అక్షరాలు. తుడవాలని చూసినకొద్దీ మణికట్లు నొప్పెట్టాయి. ఆ ఆదివారం సాయంత్రమే ఒకటో నంబరుని వరసలోకి పంపించేశాను.

రెండో ప్రయత్నం: పాత ఫిల్ములు

అప్పుడు అనుకున్నాను, అసలు ఈ మూడు ప్రాంతాల శైలులు ఏమిటో నా కళ్ళతో చూసి, తేడాలు రాసుకుని, అందరికీ చూపిద్దామని. జ్ఞాపకాలు పోట్లాడుకుంటుంటే సాక్ష్యం తెచ్చి పెట్టడం న్యాయమే కదా. సభ్యుల దగ్గర ఉన్నవి పోగుచేస్తే మూడు మంచి ముక్కలు దొరికాయి. ఈస్ట్‌ది 1974 నాటి సూపర్ 8 ఫిల్ము, మూకీ, ఎవరో స్టాండ్స్ కింది వరసలోంచి తీసింది. మిడ్‌వెస్ట్‌ది టీవీ ప్రసారాన్ని రికార్డు చేసుకున్న టేపు. కాలిఫోర్నియా కోర్‌ది 1985 నాటి వీడియో క్యాసెట్, స్టాండ్స్ పై వరసలోంచి తీసింది.

చూడగానే అందరూ చెప్పినవి అక్షరాలా నిజమనిపించాయి. ఈస్ట్ గార్డు కత్తిలా ఉంది. ప్రతి కదలికా చటుక్కున మొదలై చటుక్కున ఆగుతోంది. మిడ్‌వెస్ట్ నిండుగా, నింపాదిగా ఉంది. కాలిఫోర్నియా మెత్తగా, నడుము నుంచి కదులుతోంది, దాదాపు నాట్యమే. తీరిగ్గా ఒక పట్టిక గీసి, అందరికీ పంపించాను కూడా. ఒకటో నంబరు ఆరోజు చాలా సంతోషించింది.

ఆ వారం మధ్యలో రాత్రి ఇంట్లో ఈస్ట్ ఫిల్ము మళ్ళీ చూస్తున్నాను. మా ఆయన టీ కప్పుతో వెనకాల వెళ్తూ ఆగి, ‘ఆ పిల్లాడేంటి, చార్లీ చాప్లిన్‌లా నడుస్తున్నాడు?’ అన్నారు. మైదానం గట్టు మీద ఒక పిల్లాడు ఐస్‌క్రీం పట్టుకుని నడుస్తున్నాడు. నేను అతన్ని ఇరవైసార్లు చూసి ఉంటాను, నా కళ్ళు గార్డు మీదే ఉన్నాయి. నిజమే, అడుగులు టకటకా పడుతున్నాయి. ఐస్‌క్రీం నోటి దగ్గరికి వెళ్ళడం కూడా కోడి గింజ ఏరినట్టుంది.

సూపర్ 8 మామూలుగా సెకనుకి 18 ఫ్రేములతో తీస్తారు. దాన్ని 24 ఫ్రేములతో ఆడించి డిజిటల్‌లోకి ఎక్కిస్తే మనుషులంతా మూడో వంతు ఎక్కువ వేగంతో కదులుతారు. అనుమానం అయితే వచ్చింది. ఫిల్ముకి శబ్దం లేదు, ఎలా తేల్చడం? అదే కోర్, అదే ఏడాది, అదే పాట పోటీ రికార్డింగు ఎల్‌పీ రెండో నంబరు దగ్గరుంది. మసాచుసెట్స్‌లోని రివియర్‌లో ఫ్లీట్‌వుడ్ అనే కంపెనీ ఆ రోజుల్లో డ్రమ్ కోర్ పోటీలని రికార్డు చేసి ఎల్‌పీలుగా అమ్మేది. స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎల్‌పీలో అర నిమిషానికి ఎన్ని బీట్లో లెక్కపెట్టాను: 64. ఫిల్ములో అదే చోట అర నిమిషానికి అడుగులు: 85. అంటే నిమిషానికి 128 ఉండాల్సింది 170 అయింది. 24ని 18తో భాగిస్తే 1.33. 128ని 1.33తో హెచ్చవేస్తే 170.

ఫిల్ముని 75 శాతం వేగానికి తగ్గించి మళ్ళీ చూశాను. పిల్లాడు మామూలు పిల్లాడయ్యాడు. ఈస్ట్ కత్తి పదును సగానికి సగం పోయింది.

మొత్తం పోలేదు, అది ఒప్పుకోవాలి. కదలికకీ కదలికకీ మధ్య రైఫిల్ ఒక పూర్తి కౌంటు కదలకుండా నిలబడడం అలాగే ఉంది. కానీ అది మిడ్‌వెస్ట్ టేపులో కూడా ఉంది. జడ్జీ గీత గీయకుండా ఉండాలంటే ఆగిన చోట కచ్చితంగా ఆగాలి కాబట్టి, నేను దాన్ని ప్రాంతం ఖాతాలో కాకుండా టిక్కు ఖాతాలో రాసుకున్నాను. ఇక కాలిఫోర్నియా మెత్తదనం? నేను చూసింది 1985ది. టిక్కులు పోయిన తర్వాతి గార్డుని టిక్కుల కాలపు గార్డు పక్కన పెట్టి, తేడాకి కాలిఫోర్నియా అని పేరు పెట్టాను. పైగా ఒకటి కింది వరసలోంచి తీసింది, ఇంకొకటి పై వరసలోంచి. కిందినుంచి చూస్తే ఎత్తు కనిపిస్తుంది, పైనుంచి చూస్తే వరసల అల్లిక కనిపిస్తుంది. నేను పోల్చింది మూడు ప్రాంతాల్ని కాదు, మూడు కెమెరాల్ని.

పట్టిక వెనక్కి తీసుకుంటున్నానని అందరికీ రాశాను. కారణం కూడా రాశాను. ఒకటో నంబరు రెండు వారాలు ముభావంగా ఉంది.

బాణీ

మా అమ్మాయి చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. కూచిపూడిలో ‘వెంపటి బాణీ’ అంటాం. వెంపటి చినసత్యం గారు నేర్పింది మద్రాసులో. అలాగని ఎవరూ ‘మద్రాసు స్టైల్’ అనరు. ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు విశాఖపట్నంలో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా అది వెంపటి బాణీయే. బాణీకి ఊరు పేరు కాదు, గురువు పేరుంటుంది. మరి గార్డుకి మాత్రం పటం మీద గీత గీసి పేరు పెట్టడం ఎందుకు?

గీత కూడా అంత గట్టిదేం కాదు. 1971లో డిసిఐకి ముందు కొన్ని కోర్లు ఒక జట్టు కట్టాయి, దాన్ని ‘మిడ్‌వెస్ట్ కంబైన్’ అన్నారు. అందులో బ్లూ స్టార్స్, కావలియర్స్, మాడిసన్ స్కౌట్స్ సరే. కాలిఫోర్నియా సాంటా క్లారా వాన్‌గార్డ్ కూడా ఉంది, వయోమింగ్‌లోని కాస్పర్ నుంచి ట్రూపర్స్ కూడా ఉంది. మనుషులూ ఊళ్ళు మారారు. రివియర్‌లో 27వ లాన్సర్స్ అనే కోర్‌తో పేరు తెచ్చుకున్న జార్జ్ జింగాలి తర్వాత న్యూజెర్సీ గార్ఫీల్డ్ కేడెట్స్‌కి డ్రిల్లు (మైదానంలో వరసలు కదిలే తీరు) రాశాడు, ఆ తర్వాత స్టార్ ఆఫ్ ఇండియానాకి రాశాడు. నేర్పేవాడు రాష్ట్రం దాటితే వాడితోపాటు చెయ్యి కూడా దాటుతుంది.

దాంతో ఐదో ప్రాక్టీసుకి ప్రశ్న మార్చాను. ‘మీ ప్రాంతంలో ఎలా చేసేవాళ్ళు?’ అని అడగడం మానేశాను. ప్రతి ఒక్కరినీ విడిగా పిలిచి, గోడ ముందు నిలబెట్టి, అదే డబుల్ మూడుసార్లు చేయించి, ఫోన్లో స్లో మోషన్‌లో పక్కనుంచి తీశాను. నాలుగే చూశాను: వదిలేముందు మోకాలు వంగుతుందా, చెయ్యి ఏ కౌంటుకి విడుస్తోంది, రైఫిల్ ఎంత ఎత్తు వెళ్తోంది, పట్టాక ఎక్కడ ఆగుతోంది. ముఖాలు, నంబర్లు కనపడకుండా మోచేతుల నుంచి కత్తిరించి, జెండాల వాళ్ళకీ సేబర్ల వాళ్ళకీ చూపించి, ‘ఎవరిది ఏ ప్రాంతమో చెప్పండి’ అన్నాను. ఆరింటిలో మూడు కంటే ఎక్కువ సరిగ్గా చెప్పింది ఒక్కరే. నన్నడిగినా నేనూ చెప్పలేను.

చెయ్యి కలిసింది ఎవరెవరికంటే, రెండో నంబరుకీ ఐదో నంబరుకీ. ఒకరు మసాచుసెట్స్, ఒకరు కాలిఫోర్నియా. ఇద్దరూ రైఫిల్ స్టాక్ (చెక్క భాగం) మెడ దగ్గర బొటనవేలు లోపలికి మడిచి పట్టుకుంటారు, నడుము కిందినుంచి విసురుతారు. ఆరా తీస్తే ఐదో నంబరుకి నేర్పినాయన ఈస్ట్ నుంచి ఉద్యోగం కోసం కాలిఫోర్నియా వెళ్ళినవాడు. ఒకే రాష్ట్రంలో పెరిగిన ఒకటికీ రెండుకీ మాత్రం ఏ కోశానా పోలిక లేదు.

సూట్‌కేసు కాటా

అది గురువు సంగతి. రెండోది నేను వెతక్కుండానే దొరికింది. ఆరో ప్రాక్టీసుకి మూడో నంబరు తన గరాజులోంచి పాత ప్రాక్టీసు రైఫిల్ తెచ్చింది. చెక్క శరీరం, ఇనప గొట్టం, బోల్టు, తోలు పట్టీ. ఊరికే ఫొటో దిగుదామని. నేను చేతిలోకి తీసుకోగానే ఎన్‌సిసి గ్రౌండు గుర్తొచ్చింది, ఆ బట్ (వెనక కొస) అరచేతికి తగలగానే భుజం తనంతట తానే బిగుసుకుంది. కారులో ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు తూచే కాటా ఉంటే కొక్కేనికి తగిలించి చూశాను. 3.6 కిలోలు. మేం వాడుతున్న తెల్ల రైఫిల్ 1.4. అసలు 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ 4 కిలోలకి కాస్త తక్కువ, మా .303 కూడా దాదాపు అంతే.

ఆరుగురిచేతా దాన్ని ఒక్కో ‘సింగిల్’ మాత్రం వేయించాను, డబుల్ వద్దన్నాను. అందరూ ఒక్కలాగే చేశారు! మెత్తని ఐదో నంబరు కూడా మోకాళ్ళు వంచి, ఊపిరి పీల్చి, భుజంతో విసిరి, పట్టగానే రాయిలా ఆగింది. ఆగక ఏం చేస్తుంది? ఆ బరువుని మణికట్టుతో తిప్పలేం, పట్టాక సుతారంగా జార్చలేం. పట్టినచోట బిగించి ఆపాలి, లేదంటే పాదం మీద పడుతుంది.

అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: మీరు మొదట నేర్చుకున్న రైఫిల్ ఇలాంటిదా, తేలికదా? ఒకటి, మూడు, నాలుగు: బరువుది. రెండు, ఐదు: మొదట బరువుది, ఏడాదిలో తేలికది. ఆరు: తేలికది మాత్రమే. నా స్లో మోషన్ కాగితాలు తీసి చూస్తే, వదిలేముందు మోకాలు వంచేవాళ్ళు సరిగ్గా ఆ మొదటి ముగ్గురు. 20కి వంగి 21కి వదులుతున్నారు. ఆరో నంబరు అసలు వంగదు, 21 దాటాక మణికట్టుతో చురుగ్గా తిప్పుతుంది. 2, 5 మధ్యలో ఎక్కడో. పేలాల చప్పుడుకి మూలం అదీ. మా వాళ్ళు ‘ఈస్ట్ బిగువు’ అన్నదానిలో పెద్ద వాటా బరువుదే.

ఇలాంటప్పుడు ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, అందరికీ బరువు రైఫిళ్ళు ఇచ్చేద్దామని. డైరెక్టర్ అదే అన్నారు, అసలుసిసలు పాతకాలపుది కదా అని. నేను ఒప్పుకోలేదు. 69 ఏళ్ళావిడ తల మీదికి 3.6 కిలోల చెక్కా ఇనుమూ రెండు చుట్లు తిప్పించే పని నేను చేయను. తేలిక రైఫిల్ బట్‌లోకి బోల్టులు కొట్టి బరువు పెంచడం కూడా ఆలోచించి వదిలేశాను, ఒక కొస బరువైతే చుట్టు తిరగడం గతి తప్పుతుంది, అలవాటైన చేతులే ముందు దెబ్బతింటాయి.

ఏం నిలబెట్టాం, ఏం వదిలేశాం

స్టాండ్స్ పై వరసలోకి ఎక్కి కూర్చుని, అక్కణ్ణుంచి నిజంగా ఏం కనపడుతోందో చూశాను. బొటనవేలు మడత కనపడదు. మోచెయ్యి కోణం కనపడదు. కనపడేవి మూడే: రైఫిళ్ళు ఎంత ఎత్తు లేచాయి, ఎప్పుడు ఆగాయి, ఆగినప్పుడు అడ్డంగా ఒక గీతలా ఉన్నాయా. వినపడేది ఒకటి, క్యాచ్ చప్పుడు.

కాబట్టి అవి మాత్రమే నిబంధనలు చేశాను. 20కి అందరూ మోకాళ్ళు వంచాలి, అరంగుళమైనా సరే. 21కి చేతులు విడవాలి. రైఫిల్ మధ్యభాగం నుదుటి ఎత్తు దాటకూడదు. 23కి పట్టు, 24 మొత్తం కదలిక లేదు. మిగతాదంతా ఎవరి బాణీ వాళ్ళది, నేను నోరెత్తను అన్నాను. నాలుగో నంబరు నా వైపు అనుమానంగా చూసింది.

మోకాళ్ళని ఎందుకు నిబంధనలో పెట్టానంటే, అది బరువు రైఫిల్ నేర్పిన అలవాటే అయినా తేలిక రైఫిల్‌తో చేసినా ఎవరికీ నొప్పి లేదు. పైగా ఊపిరి పీల్చే చోటు అందరికీ ఒకటైతే వదిలే చోటు దానంతట అదే ఒకటవుతుంది. ఎత్తు ఎందుకంటే, ఆరో నంబరు రైఫిల్ అందరికంటే జానెడు ఎత్తు వెళ్తోంది, ఎత్తు వెళ్ళింది ఆలస్యంగానే దిగుతుంది. ఆమెని ‘నెమ్మదిగా తిప్పు’ అంటే కుదరలేదు, ‘తక్కువ ఎత్తుకి విసురు’ అంటే రెండు నిమిషాల్లో కుదిరింది.

ప్రాక్టీసు కళ్ళు మూసుకుని చేశాం. వాళ్ళు కాదు, చూసేవాళ్ళు. జెండాల వాళ్ళు వెనక్కి తిరిగి నిలబడి, ఎన్ని చప్పుళ్ళు వినిపించాయో వేళ్ళతో చూపించేవాళ్ళు. మొదట నాలుగు వేళ్ళు, ఐదు వేళ్ళు. ఏడో ప్రాక్టీసు చివరికి రెండు. ఒకసారి ఒక్కటి. ఆ ఒక్కసారి ఎవరూ ఏమీ మాట్లాడలేదు, నాలుగో నంబరు రైఫిల్ కింద పెట్టి వెళ్ళి నీళ్ళు తాగింది.

ముందున్న 16 కౌంట్లని కూడా మార్చాను. 1, 3, 4 ఒక గుంపుగా ఎనిమిది కౌంట్లు తమకి తెలిసింది చేస్తారు, తర్వాత 2, 5, 6 ఎనిమిది కౌంట్లు. చూసేవాళ్ళకి తేడా తెలియాలి అనుకున్నాను, దాచడం దేనికి? అప్పటిదాకా పోట్లాటగా ఉన్నది వరస మారగానే జవాబీ కీర్తనలా అయింది.

జెండాల గురించి ఎక్కువ చెప్పను. అక్కడా ఇదే కథ, చిన్నగా. పాతవాళ్ళు ఎనిమిదడుగుల కర్రని నడుముకి కట్టిన స్లింగు గిన్నెలో ఆనించి తిప్పేవాళ్ళు, మేం వాడేది ఆరడుగులది. కర్ర పొడవైతే తిప్పడం నెమ్మదిస్తుంది, ‘హుందా’ దానంతట అదే వస్తుంది. ప్రెజెంటేషన్‌కి మాత్రం పొడుగు కర్రలు, స్లింగులు తెప్పించాం, మిగతా షో అంతా ఆరడుగులవే. మానేసినావిడకి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. రాలేదు, ప్రదర్శనకి మాత్రం వచ్చి కూర్చుంది.

ప్రదర్శన రోజు

23వ కౌంటు చప్పుడు నా చెవికి ఒకటిన్నర. రైఫిల్ ఒకటి కింద పడింది, అయితే డబుల్ దగ్గర కాదు, చిట్టచివరి సింగిల్ దగ్గర, రెండో నంబరు చేతిలోంచి. ఎండ సూటిగా కళ్ళలోకి కొట్టింది. ఆ మైదానంలో ఆ వేళకి సూర్యుడు ఎక్కడుంటాడో ముందుగా వెళ్ళి చూడాల్సింది నేను, చూడలేదు.

డైరెక్టర్ మర్యాదగా మెచ్చుకుని, ‘కానీ ఇది ఈస్ట్ కాదు’ అన్నారు. నేను కాదనలేదు. ఒకటో నంబరు మాత్రం పక్కనే నిలబడి, ‘1974లో కూడా మేం అందరం ఒకేలా ఉండేవాళ్ళం కాదు, టిక్కు పడకుండా ఉండేవాళ్ళం అంతే’ అంది. అంతకు ముందు ఏడు నెలల్లో ఆమె నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు కొత్తగా ఎవరు వచ్చినా ఏ ఊరు, ఏ కోర్ అని అడగడం తర్వాత సంగతి. ముందు ఎవరు నేర్పారు, మొదటి రైఫిల్ ఎంత బరువు, ఏ ఏడాది అని అడిగి రాసుకుంటున్నాను. పాత ఫిల్ము ఎవరైనా పంపిస్తే గార్డుని చూసే ముందు గట్టు మీద నడిచే మనుషుల్ని చూస్తున్నాను.

సేబర్ల సంగతి తేలలేదు. ఇద్దరే కదా అని చివరికి వదిలేశాను, అది నా లోపం. ఒకరు పిడి దగ్గర పట్టుకుంటారు, ఇంకొకరు చేతికి కాపుగా ఉండే ఇత్తడి వంపు మీద పట్టుకుంటారు, రెండోది చూసేవాళ్ళకి భలే ఉంటుంది గానీ వేళ్ళకి మంచిది కాదు. ఇద్దరికీ నేర్పింది ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే బరువు. నా లెక్కలేవీ అక్కడ పనిచేయలేదు. నవంబరులో మళ్ళీ కలుస్తాం, ఈసారి వాళ్ళతోనే మొదలుపెడతాను.